ట్రేలో బిగించిన కుట్టుపని మీద ఏ అద్దం వేయిస్తున్నారు?

గోడకు తగిలించే పటానికి వేసే అద్దాన్నే చేతులతో మోసే ట్రేకు కూడా వేయడం తప్పు. ఇది అలంకరణకు సంబంధించిన అభిప్రాయభేదం కాదు. శరీరానికి సంబంధించిన విషయం. కాబట్టి వైద్యుడు జోక్యం చేసుకోవలసిన విషయం. పటాలు కట్టే దుకాణాలలో చాలావాటికి ఈ రెండు పనులకూ రెండు రకాల అద్దాలు కావాలన్న స్పృహ లేదు. ఉన్నచోట కూడా అడిగేవారు లేరు గనుక చెప్పేవారు లేరు. కొనేవారు మెరుపు చూస్తారు, గీతలు చూస్తారు, ఫ్రేము రంగు గుడ్డకు నప్పిందా అని చూస్తారు. ఇది పగిలితే ఎలా పగులుతుంది అని మాత్రం అడగరు. అడగవలసిన ప్రశ్న అదొక్కటే అని నా వాదం.

ఒకప్పుడు ఇంటి ఆడపిల్లలు కుట్టిన చిలుకలను, హంసలను, రంగుదారాల "స్వాగతం" అక్షరాలను పటం కట్టించి ముందుగదిలో మేకుకు తగిలించేవారు. పండుగకు దులపడానికి తప్ప ఆ పటాన్ని ఎవరూ ముట్టుకునేవారు కారు. ఇప్పుడు కుట్టుపని గోడ దిగి వచ్చింది. మగ్గం పని చేసిన పట్టుగుడ్డను ట్రే అడుగున పరచి, మీద అద్దం బిగించి, దానిలో అతిథులకు కాఫీ అందిస్తున్నారు. పెళ్లిళ్లలో సారె పెట్టే ట్రేలకూ, తాంబూలాల ట్రేలకూ అదే పద్ధతి. నరసాపురం లేసు పరచిన టీపాయ్ మీద అద్దం పలక వేయడం గోదావరి జిల్లాల్లోనే కాదు, తెలుగు మధ్యతరగతి ఇళ్లలో ఏనాటి నుంచో ఉన్న అలవాటు. బంజారా కుట్టుపనిని నగలపెట్టె మూతకు, అలమారా తలుపుకు బిగిస్తున్నారు. విదేశాలలో ఉన్న మనవాళ్లకు కానుకలుగానూ ఇవే వెళుతున్నాయి. ఇందులో నాకు ఆక్షేపణ లేదు. ఎవరో నెలల తరబడి కళ్లు చెడగొట్టుకుని కుట్టినది పెట్టెలో మగ్గిపోవడం కంటే నలుగురి మధ్య వాడుకలో ఉండడమే మంచిది.

అయితే వస్తువు వాడుకలోకి వచ్చిన నాటి నుంచి అద్దం చేయవలసిన పని మారిపోతుంది. గోడ మీద అద్దం దుమ్మును ఆపితే చాలు. ట్రేలో అద్దం బరువు మోయాలి. పొగలు కక్కే స్టీలు గ్లాసులను భరించాలి, వెంటనే చల్లని తడిగుడ్డ తుడుపును భరించాలి. సింకులో గిన్నెల మధ్య ఒరుసుకోవాలి, వంటగట్టు మీద నిలువుగా జారగిలబడాలి, ఏదో ఒకనాడు చేయి జారి నేల మీద పడాలి. టీపాయ్ మీది పలకకైతే చుట్టూ ఫ్రేము కూడా ఉండదు. అప్పుడప్పుడే నిలబడడం నేర్చుకుంటున్న పసివాడు ఆసరాగా పట్టుకునేది ఆ అంచునే. పటాల దుకాణంలో దొరికేది సాధారణంగా 2 మిల్లీమీటర్ల మందం ఉన్న మామూలు గాజు. దాన్ని తయారు చేసింది గోడ కోసం.

మామూలు గాజు ముందుగా హెచ్చరించదు. రేకు సొట్టపోతుంది, చెక్క చిట్లి శబ్దం చేస్తుంది. గాజు మాత్రం పగిలే క్షణం వరకు కొత్తదానిలాగే కనిపిస్తుంది. చక్రపుములికితో గీసి విరిచినప్పుడు అంచున మిగిలే కంటికానని గాట్లే దాని బలహీనత; ఆ అంచు ఫ్రేము కింద దాగి ఉంటుంది గనుక మనకు కనబడదు. పగిలినప్పుడు పొడవాటి, కోణాకారపు పెంకులుగా విడిపోతుంది. వాటి పదును ఎంతటిదో చెప్పడానికి ఒక సంగతి చాలు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూడడానికి కణజాలాన్ని మైక్రోమీటరులో పదోవంతు మందానికి కోయాలి. అందుకు ప్రయోగశాలలు వాడే కత్తులలో ఒకటి, విరిచిన గాజుముక్క. సానబట్టినది కాదు, ఊరకే విరిచినది. మీ ట్రే పగిలినప్పుడు అలాంటి అంచులు ఒకేసారి ఎన్నో పుడతాయి.

ఇక ఆ పెంకు ఎక్కడ దిగుతుందో చూడండి. ట్రే జారుతున్నప్పుడు మనిషి చేయి వెనక్కి పోదు, దానివైపే పోతుంది. పడిపోయేదాన్ని పట్టుకోబోవడం ఆలోచించి చేసే పని కాదు, అసంకల్పిత చర్య. అందువల్ల గాయం ఎక్కువగా అరచేతికో, వేళ్ల లోపలివైపుకో, మణికట్టు ముందుభాగానికో అవుతుంది. మణికట్టు దగ్గర చర్మం కింద ఏమున్నదో తెలిస్తే ఎవరూ ఆ చోట గాజుతో చెలగాటమాడరు. వేళ్లను ముడిచే తొమ్మిది టెండన్లు ఒక ఇరుకైన సొరంగం గుండా అరచేతిలోకి పోతాయి. వాటితోపాటు మీడియన్ నాడి పోతుంది; బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలిలో సగం దీని వల్లనే స్పర్శ తెలుసుకుంటాయి. బొటనవేలిని మిగిలిన వేళ్లకు ఎదురుగా తెచ్చే కండరాలను నడిపేదీ ఇదే. మనిషి సూది పట్టుకోగలిగేది ఆ కదలిక వల్లనే. చిటికెనవేలి వైపు అల్నార్ నాడి, దాన్ని ఆనుకుని ధమని. బొటనవేలి వైపు నాడి చూసే ధమని. ఇన్నీ కొన్ని అంగుళాల వెడల్పులో, చర్మానికి చాలా దగ్గరగా ఉన్నాయి.

గాజు గాయం గురించి వైద్యవిద్యార్థులకు మొట్టమొదట చెప్పే హెచ్చరిక, పైన కనిపించే కోతను చూసి లోపలి కోతను అంచనా వేయవద్దని. రెండు సెంటీమీటర్ల కోత కింద ఒక నాడి, నాలుగు టెండన్లు తెగి ఉండవచ్చు. రక్తం కారడం ఆగిపోయిందని ఊరట చెందుతారు. తెగిన నాడి రక్తం కార్చదు కదా.

నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో చూసిన ఒక గాయాన్ని చెబుతాను. ముప్పై ఏళ్ల స్త్రీ, నాలుగిళ్లలో అంట్లు తోమి బతికేది. ఒక ఇంట్లో కుట్టుపని బిగించిన ట్రేను సింకులో కడుగుతుండగా అద్దం విరిగింది. దానికి మూలన చీలిక అంతకు ముందే ఉందట. పారదర్శకమైన టేపు అతికించి వాడుకుంటున్నారట. మణికట్టుకు చిన్న కోత. పసుపు అద్ది గుడ్డ చుట్టుకుని మిగతా రెండిళ్ల పని కూడా ముగించుకుంది. సాయంత్రం ఒకచోట చర్మానికి నాలుగు కుట్లు వేసి పంపించారు. వేళ్లు ముడవమని ఎవరూ అడగలేదు, దూదితో తాకి తెలుస్తోందా అని ఎవరూ చూడలేదు. మూడు వారాల తర్వాత, పొయ్యి మీది గిన్నెను పట్టుకుని చూపుడువేలు కాలినా తెలియలేదని మా దగ్గరికి వచ్చింది. మీడియన్ నాడి పూర్తిగా తెగి ఉంది.

అటువంటి నాడిని సూక్ష్మదర్శిని కింద, తల వెంట్రుక కంటే సన్నని దారంతో కుట్టాలి. మాదీ కుట్టుపనే, కాకపోతే దానికి పటం కట్టరు. ఎంత బాగా కుట్టినా అంతటితో అయిపోదు. తెగినచోటు నుంచి నాడీతంతువులు మళ్లీ వేలికొన వరకు పెరగాలి. ఆ వేగం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు. మణికట్టు నుంచి వేలికొనకు ఉన్న దూరాన్ని స్కేలుతో కొలుచుకోండి. ఎన్ని మిల్లీమీటర్లో అన్ని రోజులు. దాదాపు ఆరు నెలలు. అప్పటికీ పెద్దవారిలో స్పర్శ మునుపటిలా పూర్తిగా రావడం అరుదు. టెండన్లు కుడితే సుమారు ఆరు వారాలు పట్టీతో కాపాడాలి, మూడు నెలల వరకు బరువు ఎత్తరాదు. నాలుగిళ్ల అంట్ల మీద బతికే మనిషికి మూడు నెలలు అంటే ఏమిటో విడిగా చెప్పనవసరం లేదు. ఆ ట్రేలోని పూలతీగ కుట్టింది ఎవరో ఆమెకు తెలియదు. దాని అందం ఆమె అనుభవించినదీ కాదు. అద్దం ఎంపిక చేసినవారు ఒకరు, తెగిన చెయ్యి మరొకరిది. ఈ విషయంలో నాకు కోపం రావడానికి ముఖ్య కారణం అదే.

"జాగ్రత్తగా వాడుకుంటే ఏమీ కాదండీ" అన్నది నేను ఎక్కువగా విన్న సమాధానం. జాగ్రత్త ఎవరు పడాలి? ట్రేను కొన్నవారు దాన్ని కడగరు. కడిగేవారికి అది ఏ గాజో తెలియదు. నేల మీద పాకే పసివాడికి గాజంటే ఏమిటో తెలియదు. పైగా జాగ్రత్త అనేది మెలకువగా ఉన్న వేళల్లో పనిచేసే గుణం. సబ్బు చేతులతో, హడావిడిలో, తొమ్మిదిమంది అతిథుల మధ్య దాన్ని నమ్ముకుని అద్దం ఎంచుకోవడం తెలివైన పని కాదు. వస్తువు పడకుండా చూడడం మన చేతిలో కొంతవరకే ఉంది. పడినప్పుడు అది ఎలా పగలాలో మాత్రం కొనేనాడే మన చేతిలో ఉంది.

"మందపు అద్దం వేశాం, గట్టిగా ఉంటుంది" అన్నది రెండో సమాధానం. ఇది మొదటిదానికంటే ప్రమాదకరమైనది, ఎందుకంటే వినడానికి సబబుగా ఉంటుంది. 5 మిల్లీమీటర్ల మామూలు గాజు 2 మిల్లీమీటర్లదాని కంటే ఆలస్యంగా పగలవచ్చు. కాని పగిలినప్పుడు పుట్టే పెంకులు బరువైనవి, బలమైనవి, మరింత లోతుకు దిగేవి. చదరపు మీటరు గాజు ప్రతి మిల్లీమీటరు మందానికి రెండున్నర కిలోలు తూగుతుంది. టీపాయ్ మీది పలక అంచు పాదం మీద పడితే చాలు, టెండన్లు తెగడానికి. మందం వేరు, భద్రత వేరు. పటాల దుకాణంలో "గట్టి అద్దం" అన్న మాట ఈ రెంటినీ కలగాపులగం చేసింది. అలాగే కాంతి ప్రతిఫలించని అద్దం, అతినీలలోహిత కిరణాలను ఆపే అద్దం అని ఎక్కువ ధరకు అమ్మేవి ఉన్నాయి. అవి దారపు రంగు వెలవకుండా కాపాడేవే కావచ్చు. పగిలే తీరులో అవి చాలావరకు మామూలు గాజే. ఖరీదైనది గనుక క్షేమమైనదని అనుకోవద్దు.

ఈ సమస్యకు పరిష్కారం కొత్తగా కనిపెట్టవలసింది కాదు, నూరేళ్లు దాటినది. 1903లో ఫ్రెంచి రసాయనవేత్త ఎడ్వార్ బెనెడిక్టుస్ ప్రయోగశాలలో ఒక గాజుకుప్పె కింద పడి చిట్లింది గాని చెల్లాచెదురు కాలేదు. అందులో ఒకప్పుడు పోసిన సెల్యులోజు నైట్రేటు ఆరిపోయి లోపలిగోడకు పొరగా అంటుకుని ముక్కలను పట్టి ఉంచింది. దాని ఆధారంగా 1909లో రెండు గాజుపలకల మధ్య పొర ఉంచే పద్ధతికి ఆయన పేటెంటు తీసుకున్నాడు. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికుల విషవాయు ముసుగులకు ఆ గాజే కళ్లద్దాలయింది. ఇక్కడొక చిత్రమైన సంగతి: ఈ బెనెడిక్టుస్ వస్త్రాలకు, గోడకాగితాలకు నమూనాలు గీసిన కళాకారుడు కూడా. పగిలినా పట్టి ఉండే గాజును ఇచ్చినవాడు రంగులూ బట్టలూ తెలిసినవాడే. బట్టల మీద గాజు బిగించే మనం ఆ గాజును మరిచాం.

మన దేశంలో మోటారు వాహనాల నియమావళి, 1989 ప్రకారం కారు అద్దాలు సేఫ్టీ గ్లాసుతోనే ఉండాలి. అమెరికా 1977లో తలుపులలో, స్నానపు గదుల ఆవరణలలో వాడే గాజుకు ఇటువంటి నియమం తెచ్చింది. మనకూ భవనాలలో, సాధారణ ఉపయోగాలలో వాడే సేఫ్టీ గ్లాసుకు ఐఎస్ 2553 అనే ప్రమాణం ఉంది. 2020లో కేంద్రప్రభుత్వం దానిపై నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు కూడా జారీ చేసింది. అయితే ఆ ఉత్తర్వు చెప్పేది సేఫ్టీ గ్లాసు అనే సరుకు ఎలా ఉండాలన్నది. మీ ట్రేలో దాన్నే వేయాలని ఏ చట్టమూ దుకాణదారును అడగదు. కారులో కూర్చున్న మనిషికి దక్కిన రక్షణ, వంటింట్లో నిలబడిన మనిషికి దక్కలేదు. అడిగి వేయించుకోవలసింది మనమే.

ఏమని అడగాలి? నాలుగు దారులున్నాయి. వాటిలో దేనికీ దోషం లేకపోలేదు.

టఫెన్డ్ గ్లాసు మొదటిది. మామూలు గాజును 600 డిగ్రీలకు పైగా కాచి, గాలి ఝరితో ఒక్కసారిగా చల్లార్చుతారు. పైపొర బిగుసుకుపోయి లోపలిభాగం లాగిపెట్టినట్లుంటుంది. అందువల్ల మామూలు గాజుకు నాలుగైదు రెట్ల బలం వస్తుంది, వేడిచల్లదనాల తేడాను బాగా తట్టుకుంటుంది. పగిలితే కొట్టిన కలకండ పలుకుల్లా మొద్దుబారిన చిన్నముక్కలవుతుంది. ఆ ముక్కలూ గీరుతాయి, కంట్లో పడితే ప్రమాదమే. కాని మణికట్టు లోతుకు దిగే పొడవు వాటికి ఉండదు. దీని గురించి పాఠకులు తప్పక గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. ఒకసారి టఫెన్ చేసిన గాజును కోయడం, దానికి చిల్లు వేయడం సాధ్యం కాదు. ప్రయత్నిస్తే పలక మొత్తం పొడిపొడి అవుతుంది. కాబట్టి దుకాణదారు "ఇది టఫెన్డే సార్" అంటూ మీ కళ్లముందే ములికితో గీసి కొలతకు విరిచి ఇస్తే, అది టఫెన్డ్ కాదు. ఆయన అబద్ధమాడుతున్నాడని కూడా అనను. ఆయనకు అమ్మినవాడు అలా చెప్పి ఉంటాడు. నిజమైన టఫెన్డ్ కావాలంటే ముందు కొలత ఇచ్చి, అంచులు నున్నగా చేయించి, తర్వాత కొలిమికి పంపాలి. నాలుగైదు రోజులు ఆగవలసి రావచ్చు. మూలన చెరగని ముద్ర ఉందో లేదో చూసుకోండి. 2 మిల్లీమీటర్ల పటపు అద్దాన్ని మామూలు కొలిమిలో టఫెన్ చేయడం కుదరదు. 4 మిల్లీమీటర్లది అడగండి. 40 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ట్రేకు ఆ పలక కిలో ఇన్నూరు గ్రాములు తూగుతుంది. కాఫీ గ్లాసుల బరువు దానికి అదనం. ముసలివారు మోసే ట్రే అయితే ఇది ఆలోచించవలసిన విషయమే. గ్లాసుల కింద పెట్టుకునే బిళ్లల వంటి మరీ చిన్నముక్కలు కొలిమి రోలర్ల మీద నడవవు, వాటికి ఈ దారి లేదు.

లామినేటెడ్ గ్లాసు రెండోది. బెనెడిక్టుస్ ఆలోచనకు ఇప్పటి రూపం. రెండు పలకల మధ్య పీవీబీ అనే ప్లాస్టిక్ పొర. పగిలితే సాలెగూడులా చిట్లి అక్కడే అతుక్కుని ఉంటుంది. ఆ పొర అతినీలలోహిత కిరణాలను దాదాపు పూర్తిగా ఆపుతుంది గనుక దారాల రంగుకు కూడా మేలు. అంచును పక్కనుంచి చూస్తే రెండు గాజుల నడుమ గీత కనబడుతుంది, అదే దీని గుర్తు. బరువెక్కువ. ట్రేలకు నేను సిఫారసు చేయను. టీపాయ్‌లకు, అలమారా తలుపులకు, ఉయ్యాల లేదా మంచం తలవైపు గోడకు తగిలించే పెద్ద పటాలకు ఇదే వేయించమంటాను.

అక్రిలిక్ మూడోది. గాజు బరువులో సగం కంటే తక్కువ. పెద్దదెబ్బ తగిలితే విరగవచ్చు గాని గాజులా కత్తులు పుట్టవు. దోషాలు: గీతలు తొందరగా పడతాయి, నూరు డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది గనుక పొయ్యి మీద నుంచి దింపిన గిన్నె పెట్టకూడదు, స్పిరిటు కలిసిన ద్రవాలతో తుడిస్తే వెంట్రుకవాసి పగుళ్లు వస్తాయి, పొడిగుడ్డతో రుద్దితే స్థిరవిద్యుత్తు పుట్టి నూగును, వదులైన దారాలను పైకి లాగుతుంది. గీతలు పడ్డ పలకను తీసి కొత్తది వేయించుకోవడం సులభం; అయిదేళ్లకొకసారి ఆ పని చేయడం ఒక చేతికంటే చౌక. చిన్నపిల్లలున్న ఇంట్లో ట్రేకు నేను దీన్నే ఎంచుకుంటాను. ఇంకా దెబ్బ తట్టుకోవలసినచోట పాలికార్బొనేట్ ఉంది. దానికీ గీతల బెడద తప్పదు.

నాలుగోది, ఇప్పటికే ఇంట్లో మామూలు అద్దంతో ఉన్న వస్తువులకు. గాజుకు అతికించే సేఫ్టీ ఫిల్మ్ దొరుకుతుంది. పలకను విప్పి, గుడ్డవైపు ఉండే ముఖానికి అంచు నుంచి అంచు వరకు అతికించి మళ్లీ బిగించాలి. ఇది గాజుకు బలం ఇవ్వదు, పగిలినప్పుడు పెంకులను పట్టి ఉంచుతుంది. చీలికకు అతికించే టేపు ఈ పని చేయదు. చీలిన అద్దాన్ని ఆ రోజే తీసివేయాలి.

కుట్టుపని చేసేవారు ఇక్కడ ఒక న్యాయమైన ఆక్షేపణ చేస్తారు. గాజు దారాన్ని తాకకూడదు, మధ్యలో కొంచెం ఎడం ఉండాలి, లేకపోతే చెమ్మ చేరి బూజు పడుతుంది, ముడికుట్లు అణిగిపోతాయి అంటారు. నిజమే. గోడ పటానికి ఆ ఎడం తప్పనిసరి. కాని ట్రేలో ఆ ఎడం ఉంటే బరువంతా నాలుగంచుల మీద నిలిచిన పలక మీదనే పడుతుంది. అడుగు నుంచి దానికి ఆసరా ఉండదు. అంటే దారం మేలు కోరి ఎడం ఉంచినప్పుడు అద్దం మరింత సులభంగా విరుగుతుంది. అందుకే ఎడం ఉంచే ట్రేలో మామూలు గాజు అసలే పనికిరాదు. 4 మిల్లీమీటర్ల టఫెన్డ్ పలక నాలుగువైపులా సమంగా ఆనేలా గాడిలో కూర్చోవాలి. అంచుల నుంచి కాఫీ లోపలికి ఇంకకుండా సిలికోన్ పూస్తారు. వినెగరు వాసన వచ్చే రకం సిలికోన్ ఆరేటప్పుడు ఆమ్లం వదులుతుంది. జరీ, తళుకులు ఉన్న పనికి అది మంచిది కాదు. ఆ వాసన లేని న్యూట్రల్ రకం అడగండి.

ఖర్చు గురించిన వాదనకు నేను ఎక్కువ చోటు ఇవ్వదలచుకోలేదు. మగ్గం పనికి, పట్టుకు, టేకు ఫ్రేముకు ఇచ్చేటప్పుడు రాని లెక్క అద్దం దగ్గరికి వచ్చేసరికి వస్తోంది. "అక్రిలిక్ చవకబారుగా కనిపిస్తుంది" అన్నవారికి మాత్రం ఒక మాట: మీరు ముఖానికి పెట్టుకున్న కళ్లజోడులో ఉన్నది చాలావరకు ప్లాస్టిక్కే. గాజు పగిలితే కంటికి ప్రమాదమనీ, బరువనీ కళ్లద్దాల వ్యాపారం దాన్ని వదిలి చాలాకాలమైంది. ఎవరూ చవకబారు అనలేదు.

పటాలు కట్టేవారిని నేను శత్రువులుగా చూడడం లేదు. చాలామంది చిన్న దుకాణాలవారు, రోజంతా ఆ పెంకుల మధ్యనే పనిచేసేవారు. వాళ్ల వేళ్లు చూస్తే తెలుస్తుంది. అయినా ఒక బాధ్యత వారిదే. పటం కట్టమని గుడ్డ చేతికి ఇచ్చినప్పుడు "గోడకా, వాడుకకా" అని అడగాలి. వాడుకకైతే మామూలు అద్దం వేయనని చెప్పగలగాలి. బిల్లు మీద అద్దం రకం, మందం రాయాలి. అలా రాయమని మీరు అడగండి. రాయడానికి సందేహిస్తే ఎందుకో మీకే అర్థమవుతుంది. కానుకగా ఇచ్చేవారు ఈ బిల్లును కానుకతోపాటే ఇవ్వవచ్చు. పుచ్చుకున్నవారికి అది ఏ గాజో తెలియాలి.

ఇంతచేసినా గాజు పగిలిందనుకోండి. గాయం మీద శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదమండి, చేతిని గుండె కంటే ఎత్తుగా ఉంచండి. లోపల గుచ్చుకుని నిలిచిన పెంకును లాగవద్దు. దాని చుట్టూ గుడ్డ పెట్టి కదలకుండా చేసి ఆసుపత్రికి తీసుకుపోండి. పసుపు, కాఫీ పొడి అద్దవద్దు; అవి గాయాన్ని చూడవలసిన వైద్యుడికి లోపల ఏముందో కనబడకుండా చేస్తాయి. ఒక్కొక్క వేలికొనను విడివిడిగా ముడవగలుగుతున్నారా, వేలికి రెండు పక్కలా తాకితే సమంగా తెలుస్తోందా చూడండి. ఒక్క వేలైనా వెనుకబడితే చర్మానికి కుట్లు వేయించుకుని ఇంటికి రాకండి, చేతి శస్త్రచికిత్స తెలిసినవారి దగ్గరికి ఆలస్యం చేయకుండా పోవాలి. గాజు ఎక్స్‌రేలో కనిపించదని చాలామంది నమ్ముతారు. అది తప్పు, మరీ సన్నని నలుసులు తప్ప గాజుముక్కలు ఎక్స్‌రేలో కనిపిస్తాయి. తీయించమని అడగండి. ధనుర్వాతపు ఇంజెక్షను ఎప్పుడు తీసుకున్నారో గుర్తులేకపోతే ఆ సంగతి వైద్యుడికి చెప్పండి.

నేల మీది ముక్కలను చేత్తో ఏరవద్దు. చెప్పులు వేసుకుని, చీపురుతో ఊడ్చి, మిగిలిన పొడిని తడిపిన కాగితంతో అద్ది తీసి, అంతా మందపాటి అట్టపెట్టెలో వేసి టేపు చుట్టండి. దాని మీద "గాజు" అని పెద్ద అక్షరాలతో రాసి, చెత్త బండి వచ్చినప్పుడు మిగతా చెత్తలో కలపకుండా విడిగా చేతికి ఇచ్చి చెప్పండి. ఆ సంచీలోకి చెయ్యి పెట్టి వేరుచేసేది కూడా ఒక మనిషే.